నలభై నిమిషాల విమానం, ఏడున్నర గంటల ప్రయాణం

బెంగళూరు, చెన్నై విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం 270 కిలోమీటర్లకు కాస్త తక్కువే. టికెట్టు మీద గంటా అయిదు నిమిషాలని ఉంటుంది కానీ, అందులో రన్‌వే దాకా నెమ్మదిగా సాగే సమయమూ కలిసే ఉంటుంది. గాలిలో ఉండేది నలభై నిమిషాలే. ఆ అంకెను నమ్మి, డెబ్బై నాలుగేళ్ల నాన్నగారిని చెన్నై సైదాపేటలోని అక్కయ్య ఇంటికి విమానంలో తీసుకువెళ్లాను. టికెట్లు ఇద్దరికీ కలిపి రూ.7,860.

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటి నుంచి ఉదయం 5.45కు బయలుదేరాము. విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి దాకా టాక్సీకి రూ.1,180 అయింది. రెండో టెర్మినల్‌లో వెదురు పైకప్పును, వేలాడే మొక్కలను నాన్నగారు తలెత్తి చూస్తూ ఎంతో సంతోషించారు. ఆ సంతోషం గేటు దగ్గరికి వెళ్లేదాకే నిలిచింది.

9.05కు లేవవలసిన విమానం 9.30కన్నారు, తరువాత పది గంటలకన్నారు, చివరికి 10.50కు లేచింది. ఆలస్యం కన్నా దానిని విడతలు విడతలుగా చెప్పడమే నన్ను ఎక్కువ బాధించింది. నాన్నగారికి మధుమేహం, మాత్ర వేసుకున్న అరగంటలో తినాలి. "ఇప్పుడే పిలుస్తారేమో, విమానంలో తింటానులే" అంటూ ఆయన చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీయడం, గడియారం చూడడం, మళ్లీ జేబులో పెట్టుకోవడం నాలుగు సార్లు జరిగింది. కౌంటరులో అడిగితే, "రెండు గంటలు దాటితేనే ఫలహారం ఇస్తామండీ" అన్నారు. ఇంత చిన్న ప్రయాణాలకు నిబంధన అదే, కాదనను. కానీ గంటా నలభై అయిదు నిమిషాల ఆలస్యమని మొదటే చెప్పి ఉంటే ఆయన కూర్చుని నింపాదిగా తినేవారు కదా! చివరికి రూ.260 పెట్టి కొన్న రెండు ఇడ్లీలు సగం తినేసరికి పిలుపు వచ్చింది. మీరు వెళ్లేటప్పుడు గేటు దగ్గరి మాట నమ్మకుండా, మీరు ఎక్కవలసిన విమానం అంతకుముందు ఏ ఊరి నుంచి రావాలో, అక్కడ లేచిందో లేదో ఫోనులో చూసుకోండి. అసలు ఆలస్యం అక్కడే తెలిసిపోతుంది.

సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న నేల నుంచి లేచి తీరానికి దిగే ఆ ప్రయాణం మాత్రం హాయిగా సాగింది. చెన్నైలో సామాను కోసం అరగంట పట్టింది. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది. సైదాపేటకు నేరుగా, ఇద్దరికీ వంద లోపే. అక్కడ టాక్సీ ఎక్కడం డబ్బు దండగ. ఇల్లు చేరేసరికి ఒంటిగంటా పావు.

తిరుగు ప్రయాణం వందేభారత్ రైలులో చేశాము. సెంట్రల్‌కు ఆటో రూ.240, అయిదు గంటలకే ఇల్లు వదిలాము. 5.50కు కదిలిన రైలు నాలుగున్నర గంటల లోపే బెంగళూరు చేర్చింది. మారతహళ్లిలో ఇంటి తాళం తీసేసరికి 11.30, అంటే వెళ్లేటప్పటి కన్నా గంట తక్కువ. మనిషికి వెయ్యి రూపాయల దరిదాపుల్లోనే అయింది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను రైలునే చెబుతాను. ఫలహారం బండి మా వరుసకు వస్తుండగానే నాన్నగారు మాత్ర వేసుకుని, ముందున్న బల్లను తానే దించుకుని, కాట్పాడి దాటేసరికి తృప్తిగా తినడం ముగించారు.