1:350 పేపరు మోడల్ పేరుతో అమ్ముతున్నది సాగదీసిన 1:700 నమూనా: కొనబోయేవారికి హెచ్చరిక

స్టార్ ట్రెక్ ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకకు 1:350 నిష్పత్తిలో (అంటే అసలు కొలతలో 350వ వంతుకు) ప్రత్యేకంగా రూపొందించామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న, కత్తిరించి అంటించి కట్టుకునే ఒక ముద్రిత పేపరు మోడల్ కిట్, నిజానికి 1:700 నిష్పత్తికి గీసిన నమూనాను రెండింతలకు పెంచి అచ్చు వేసినదే. రూ. 3,400 పెట్టి నేను దీనిని కొన్నాను. వివాదం ఇంకా తేలలేదు కనుక అమ్మకందారు పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో మరికొన్ని నౌకల కిట్లు కూడా అమ్మకానికి కనిపిస్తున్నాయి కాబట్టి, డబ్బు చెల్లించే ముందు ఈ వివరాలు చదవవలసిందిగా కోరుతున్నాను.

కథ ప్రకారం ఈ నౌక పొడవు సుమారు 289 మీటర్లు, ముందున్న సాసరు (పళ్లెం ఆకారపు గుండ్రని భాగం) వ్యాసం 127 మీటర్లు. 1:700లో చేస్తే పొడవు 41 సెంటీమీటర్లు, సాసరు 18 సెంటీమీటర్లు అవుతాయి, అంటే సాసరు ఏ4 కాగితంలో హాయిగా ఇముడుతుంది. 1:350లో పొడవు 82 సెంటీమీటర్లు దాటుతుంది. సాసరు 36 సెంటీమీటర్లు అవుతుంది కనుక 29.7 సెంటీమీటర్ల వెడల్పున్న ఏ3 కాగితంలో కూడా అది పట్టదు. అందువల్ల ఆ పరిమాణానికి నిజంగా రూపకల్పన చేసినవారు సాసరును ముందుగానే ముక్కలుగా విభజించి, అతుకులు ప్యానెళ్ల గీతల మీదకు వచ్చేలా గీసి, వెనుక అంటించడానికి పట్టీలు కూడా ఇస్తారు.

నాకు వచ్చిన పెట్టెలో ఆ ఆలోచన జాడ లేదు. ఏ3 కాగితాలను జతలుగా పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. ప్రతి కాగితానికీ మూడు వైపులే అంచు గీత ఉంది, నాలుగో వైపు బొమ్మ అర్ధాంతరంగా తెగిపోయింది. ఒక ఏ4 పేజీని రెండింతలు చేస్తే ఏ2 అవుతుంది, దానిని నిలువునా కోస్తే రెండు ఏ3లు వస్తాయి. వీరు చేసిన పని అంతే. పైగా ప్రింటరు కాగితం అంచు దాకా అచ్చు వేయదు కాబట్టి, కోత దగ్గర రెండు పక్కలా కలిపి దాదాపు 8 మిల్లీమీటర్ల బొమ్మ మాయమైంది. ఆ లోటు సరిగ్గా సాసరు నడిమధ్యన పడింది. ఒక కాగితం మూలన నిష్పత్తి రాసి ఉండే చోట తెల్లని దీర్ఘచతురస్రం అతికించి కప్పిపుచ్చారు గాని, దాని కింది నుంచి 700 అనే అంకె కింది సగం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. రూపకర్త పేరు ఉండవలసిన చోటనూ అలాంటి తెలుపే ఉంది. అభిమానులు ఉచితంగా పంచే నమూనాల్లో చాలావాటిని అమ్మకూడదన్న షరతు ఉంటుంది. ఆ పేరును ఎందుకు చెరిపారో ఊహించడం కష్టం కాదు.

పెంచితే తప్పేముంది, బొమ్మ పెద్దదవుతుంది కదా అని కొందరు అడగవచ్చు. బొమ్మ పెరుగుతుంది గాని కాగితం మందం పెరగదు. లోపలి చట్రంలో అడ్డుపలకలు ఒకదానిలో ఒకటి దూరడానికి పెట్టిన గాట్లు మొదట 1 మిల్లీమీటరు అట్టకు సరిపడా ఉన్నాయి. ఇప్పుడవి 2 మిల్లీమీటర్లయ్యాయి, సూచనల పత్రంలో మాత్రం 1 మిల్లీమీటరు అట్టే వాడమని ఉంది. చట్రం కూర్చి బల్ల మీద పెడితే పలకలు వదులై పక్కకు ఒరుగుతున్నాయి. జిగురు రాసే రెక్కలు కూడా రెండింతలు వెడల్పై, వంపు తిరిగే చోట ఉబ్బి పైపొరను ముడతలు పెడుతున్నాయి. 300 డీపీఐలో (అంగుళానికి పడే చుక్కల లెక్కలో) ఉండవలసిన ముద్రణ 150కి దిగడంతో కిటికీల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బరువుది. అదే కాగితంతో కొలతలు రెండింతలు చేస్తే బరువు నాలుగింతలవుతుంది, ఆ బరువు మెడ నుంచి రెట్టింపు దూరంలో వేలాడుతుంది. అంటే సాసరును మోసే సన్నని మెడ మీద వంచే బలం ఎనిమిదింతలు పడుతుంది. ఇంజిన్ గొట్టాలను నిలిపే రెండు సన్నని ఊతాల పరిస్థితీ ఇదే. కిట్టులో మెడకు ఇచ్చినది మడిచిన కాగితం ఒక్కటే. సాసరు అతికించిన మర్నాటికే ముక్కు కిందికి వాలింది, వానాకాలపు తేమకు ఇంకాస్త దిగింది.

ప్రకటనలోని ఫోటోలన్నీ నౌకను కుడివైపు నుంచే చూపుతాయి, అవి కూడా కంప్యూటరులో తయారుచేసిన బొమ్మలే. ధారావాహిక చిత్రీకరణకు వాడిన 11 అడుగుల అసలు నమూనాకు కూడా ఎడమవైపు హంగులు చేయలేదు, దీపాల తీగలు అటునుంచి వెళ్లేవి. వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక అంతరిక్ష మ్యూజియంలో ఉన్న ఆ నమూనాను ఎవరికీ కిట్టుగా అమ్మలేదు గనుక దాన్ని చేసినవారిని తప్పుపట్టలేం.

అమ్మకందారును అడిగితే ముద్రిత సరుకు వాపసు తీసుకోబోమన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చింది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి గాని, డబ్బు తిరిగి ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ మాట గుర్తుచేసిన తరువాత సగం డబ్బు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. పెట్టె తెరిచేటప్పుడు తీసిన వీడియో, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్లు అక్కడ అక్కరకు వచ్చాయి.

కొనే ముందు చట్రం కాగితాన్ని స్కేలుతో కలిపి ఫోటో తీసి పంపమని అడగండి. గాటు వెడల్పు వారు చెప్పే అట్ట మందంతో సరిపోవాలి. 1957లో మొదలైన పోలండ్ పేపరు మోడళ్ల పత్రిక మావి మొదెలాష్ సంప్రదాయంలో పెరిగిన కిట్లలో చట్రాన్ని ఎంత మందం అట్టకు అంటించాలో విడిగా రాసి ఉంటుంది, పెద్ద మోడల్ అమ్మేవారు కనీసం ఆ మాటైనా చెప్పగలగాలి. కట్టి పూర్తిచేసిన మోడల్ ఫోటోను అడుగువైపు నుంచి, ఎడమవైపు నుంచి కూడా అడగండి. కంప్యూటరు బొమ్మ తప్ప మరొకటి పంపలేకపోతే అక్కడితో ఆపేయడం మంచిది.

ఇప్పటికే కొన్నవారు, వాపసు విషయం తేలేదాకా కాగితాలను కత్తిరించకండి. ఆ తరువాత కట్టదలిస్తే చట్రం ముక్కలను రెండు పొరల 1 మిల్లీమీటరు అట్టకు అంటిస్తే గాట్లు బిగుస్తాయి. మెడలోనూ ఊతాలలోనూ 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని చట్రం దాకా దించితే సాసరు నిలుస్తుంది. మధ్యలో పోయిన 8 మిల్లీమీటర్ల పట్టీని మాత్రం మీరే కొత్తగా గీసుకోవలసి ఉంటుంది.