విశాఖలో ఐసీడీ చెకప్: బ్యాటరీతో పాటు వైరునీ చూసే క్లినిక్

ఈ డివైస్ క్లినిక్‌కి ఐదులో నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి మా నాన్నగారిలా ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న మెషీన్) పెట్టించుకున్న పేషెంట్లు చాలామంది విశాఖే వెళ్తారు. వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఇంతకుముందు చూపించుకున్న చోట ఛాతీ మీద వాండ్ (మెషీన్‌ని బయటినుంచే చదివే పరికరం) పెట్టి, "బ్యాటరీ బాగుందండీ" అని పంపేసేవారు. బ్యాటరీ బాగుంటే చాలదు. ఐసీడీ డబ్బా నుంచి గుండె లోపలికి వెళ్లే లీడ్, అంటే వైరు, గుండె కొట్టుకున్నప్పుడల్లా వంగుతూనే ఉంటుంది. దాని తొడుగు అరిగితే కరెంటు పక్కదారి పట్టొచ్చు, లేదా లేనిపోని సిగ్నళ్లు పుట్టొచ్చు. వాటిని ప్రాణాపాయమనుకుని మెషీన్ షాక్ కొట్టిందంటే, పూర్తి మెలకువలో ఉన్న మనిషి ఆ దెబ్బ తినాలి. నిజంగా అవసరమైన వేళ షాక్ అందకపోయే ప్రమాదమూ ఉంది.

ఇక్కడి టెక్నీషియన్ మేడమ్ "మాస్టారూ, ఎడం చెయ్యి పైకెత్తండి, ఇప్పుడు రెండు అరచేతులూ కలిపి గట్టిగా నొక్కండి" అంటూ స్క్రీన్ మీద గీతలు చూశారు. డబ్బా ఉన్న చోట వేళ్లతో మెల్లగా కదిపీ చూశారు. చెయ్యి కదిలినప్పుడే బయటపడే నాయిస్ (ఆ లేనిపోని సిగ్నళ్లు) ఇలా చేస్తేనే దొరుకుతుందట. లీడ్ ఇంపెడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) కొలతని పాత రిపోర్టుల పక్కన పెట్టి చూపించారు. అది ఉన్నట్టుండి పడిపోతే తొడుగు మీద అనుమానం, బాగా పెరిగితే లోపల తీగ విరిగిందేమోనని అనుమానం.

నా భయానికి కారణం రయాటా అనే మోడల్ ఐసీడీ లీడ్ల సంగతి చదవడం. వాటిని తయారుచేసిన సెయింట్ జూడ్ కంపెనీ వాటి అమ్మకం 2010 డిసెంబరులో ఆపేసింది. 2011 డిసెంబరులో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని క్లాస్ 1 రీకాల్‌గా, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయిదిగా ప్రకటించింది. సిలికాన్ తొడుగుని లోపలి తీగలే కోసుకుంటూ బయటికొచ్చేవి. కొందరిలో ఎక్స్‌రేలో తీగ బయటపడి కనిపిస్తున్నా రీడింగులు మామూలుగానే ఉండేవి! అలాగని అందరికీ లీడ్ తీసేయలేదు, తీయడంలోనూ ప్రాణాపాయం ఉంటుంది. నాన్నగారిది ఆ మోడల్ కాదు. అయినా ఎక్స్‌రే గురించి అడిగితే మేడమ్ విసుక్కోలేదు, డాక్టరుగారితో మాట్లాడి ఫిల్మ్ తీయించారు. మాకు టెన్షన్ తీరింది.

ఒక స్టార్ తగ్గించింది వెయిటింగ్‌కి. పొద్దున్న టోకెన్ తీసుకున్నా మధ్యాహ్నం దాటింది. పెద్దవాళ్లకి కూర్చోడానికి సరైన కుర్చీలు లేవు. రిపోర్టు థర్మల్ కాగితం మీద ఇస్తారు, అక్షరాలు వెలిసిపోతాయి. కింద జిరాక్స్ షాపు ఉంది, అప్పుడే తీయించుకోండి.

డివైస్ కార్డు తప్పకుండా తీసుకెళ్లండి. కొన్ని కార్డుల మీద డబ్బా నంబరే ఉంటుంది. లీడ్ మోడల్, సీరియల్ నంబరు లేకపోతే ఆపరేషన్ చేసిన హాస్పిటల్లో అడిగి రాయించుకోండి. ఏదైనా హెచ్చరిక వస్తే మీ లీడ్‌కి వర్తిస్తుందో లేదో ఆ నంబరు చూసే చెప్తారు.