అమెరికా ఉద్యోగి ఇంట్లో మందుల ఖర్చు: కోపే ప్లాన్ మేలా, హెచ్ఎస్ఏ ప్లాన్ మేలా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా దృష్టిలో ఇన్సూరెన్స్ అంటే ఆసుపత్రి మంచమే. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకొచ్చేది. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజుల మందుల బిల్లులు దానితో పాటు వచ్చేవి. నెలనెలా మింగే బీపీ బిళ్ల, షుగరు బిళ్ల ఖర్చు మాత్రం మన జేబుదే. ఆ అలవాటుతోనే అమెరికా వచ్చాను. మొదటి ఏడాది ఆఫీసులో ప్లాన్ ఎంచుకోమన్నప్పుడు మందుల పేజీ తెరవలేదు. నెలకు జీతంలో కోత తక్కువ ఉన్నదేదో చూసి టిక్కు పెట్టేశాను. జనవరి రెండో వారంలో మా అబ్బాయి ఉబ్బసం ఇన్‌హేలర్‌కు ఫార్మసీలో 280 డాలర్లు అడిగారు. ఏదో పొరపాటు జరిగిందని కార్డు మళ్లీ చూడమన్నాను. పొరపాటు కౌంటర్‌లో లేదు, అక్టోబర్‌లో నేను పెట్టిన టిక్కులో ఉంది.

ఇక్కడి పెద్ద ఉద్యోగాల్లో సాధారణంగా కనిపించే పోటీ రెండు రకాల మధ్య. మొదటిది పీపీఓ. మనవాళ్లు కోపే ప్లాన్ అనేది దీన్నే. ప్రీమియం ఎక్కువ, కానీ మందుకు ఇంత అని ముందే ఖరారు చేసిన రేటు ఉంటుంది, ఆ రేటే కోపే. రెండోది హెచ్ఎస్ఏ ప్లాన్. ప్రీమియం తక్కువ, డిడక్టిబుల్ పెద్దది. ఆ మొత్తం మన చేతి నుంచి ఖర్చయ్యేదాకా మందు ధర మొత్తం మనదే. ప్రతిగా హెచ్ఎస్ఏ అనే ఖాతాలో పన్ను పడకుండా డబ్బు దాచుకోవచ్చు. 2026కు ఆ పరిమితి ఒక్కరికైతే 4,400, కుటుంబానికి 8,750 డాలర్లు. కంపెనీ వేసేది కూడా అందులో భాగమే.

మాటలతో తేలే విషయం కాదు కాబట్టి లెక్క వేద్దాం. అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను. మీ ఆఫీసు అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

కోపే ప్లాన్‌లో కుటుంబానికి నెలకు 520 డాలర్ల కోత, అంటే ఏడాదికి 6,240. జనరిక్ మందుకు 10, ప్లాన్ మెచ్చిన బ్రాండ్‌కు 40, మెచ్చని బ్రాండ్‌కు 80, బాగా ఖరీదైన స్పెషాలిటీ మందుకు గరిష్ఠంగా 250. డాక్టర్లకు, ఆసుపత్రికి వేరే 1,000 డాలర్ల డిడక్టిబుల్. హెచ్ఎస్ఏ ప్లాన్‌లో నెలకు 270, ఏడాదికి 3,240. మందులతో కలిపి అన్నిటికీ ఒకటే డిడక్టిబుల్, 4,000. అది దాటాక ఖర్చులో 20 శాతం మనది, ఏడాదికి మొత్తం మీద 8,000కు మించదు. కంపెనీ మన ఖాతాలో 1,000 వేస్తుంది.

ప్రీమియం తేడా 3,000, కంపెనీ ఇచ్చేది 1,000, కలిపితే 4,000. డిడక్టిబుల్ కూడా సరిగ్గా అంతే. కాకపోతే ఒక తిరకాసు ఉంది. ప్రీమియం పన్నుకు ముందే కోస్తారు కాబట్టి, మిగిలిన ఆ 3,000ను జీతంగా తీసుకుంటే పన్ను పోను చేతికి వచ్చేది రెండు వేల చిల్లరే. దాన్ని ప్రతి జీతంలోనూ నేరుగా హెచ్ఎస్ఏకు మళ్లిస్తేనే మూడు వేలూ మూడు వేలుగా ఉంటాయి. మళ్లించకుండా ఖర్చు పెట్టుకునేవారికి నేను ఈ ప్లాన్ చెప్పను. జనవరిలో డబ్బు కావాల్సి వచ్చినప్పుడు వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు ఇళ్లలోకి వెళదాం. మొదటి ఇంట్లో మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ బిళ్ల, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, అన్నీ జనరిక్‌లే. కోపే ప్లాన్‌లో మూడింటికీ కలిపి ఏడాదికి 360 డాలర్లు. హెచ్ఎస్ఏ ప్లాన్‌లో మొత్తం ధర కట్టినా ఇంచుమించు అంతే కావచ్చు, ఒక్కోసారి ఇంకా తక్కువే. ఎందుకంటే ఈ పాత జనరిక్‌ల అసలు ధరే కోపే కన్నా చౌకగా ఉండటం ఇక్కడ మామూలు. వాల్‌మార్ట్ 2006 నుంచీ కొన్ని జనరిక్‌లను నెలకు 4 డాలర్లకు అమ్ముతోంది. అమెరికా వ్యాపారి మార్క్ క్యూబన్ 2022లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఫార్మసీ కాస్ట్ ప్లస్ డ్రగ్స్ కొన్న ధర మీద 15 శాతం, ఆపైన ఫార్మసీ రుసుము, పోస్టు ఖర్చు వేసుకుని పంపుతుంది. కార్డు లేకుండా నగదుకు ఎంత అని ఫార్మసిస్టును అడగండి. ఒకప్పుడు చౌక ధర సంగతి రోగికి చెప్పకూడదని కొన్ని ఒప్పందాలు వాళ్ల నోరు కట్టేసేవి. 2018లో వచ్చిన చట్టాలు ఆ కట్టు తెంచాయి. అయినా అడగనిదే చాలామంది చెప్పరు. ఈ ఇంటికి హెచ్ఎస్ఏ ప్లానే మేలు, అందులో నాకు సందేహం లేదు.

రెండో ఇంట్లో లెక్క ఆసక్తిగా ఉంటుంది. షుగరుకు ఇంకా జనరిక్ రాని బ్రాండ్ మందు, నెలకు 600 డాలర్లనుకుందాం. కోపే ప్లాన్‌లో నెలకు 40 చొప్పున 480. ప్రీమియంతో కలిపి 6,720. హెచ్ఎస్ఏ ప్లాన్‌లో జూన్ దాకా ప్రతి నెలా 600 పూర్తిగా కట్టాలి, జూలైలో డిడక్టిబుల్ తీరుతుంది, అక్కడి నుంచి 20 శాతం. మందు ఖర్చు మొత్తం 4,640 తేలుతుంది. ప్రీమియం కలిపి, కంపెనీ ఇచ్చిన వెయ్యి తీసేస్తే 6,880. ఏడాది మొత్తానికి తేడా 160 డాలర్లే! భారం మాత్రం చాలావరకు మొదటి ఏడు నెలల్లోనే మీద పడుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. కోపే ప్లాన్‌లో మందులకు కట్టిన డబ్బు సాధారణంగా డిడక్టిబుల్‌లోకి చేరదు. హెచ్ఎస్ఏ ప్లాన్‌లో చేరుతుంది. ఆగస్టులో పిల్లవాడు సైకిల్ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, మందుల వల్లే ఆ ఇంటి డిడక్టిబుల్ అప్పటికే తీరిపోయి ఉంటుంది.

ఇదే ఇంటి లెక్కను ఒక్క కాగితం తలకిందులు చేయగలదు. దాని పేరు ప్రివెంటివ్ డ్రగ్ లిస్ట్, అంటే నివారణ మందుల జాబితా. హెచ్ఎస్ఏ ప్లాన్ అంటే డిడక్టిబుల్ తీరేదాకా, ఉన్న జబ్బుకు వాడే మందులకు పైసా ఇవ్వకూడదనేది పాత నియమం. 2019లో అమెరికా పన్నుల శాఖ దాన్ని సడలించింది. షుగరు ఉన్నవారికి ఇన్సులిన్, ఇతర షుగరు తగ్గించే మందులు, గుండెజబ్బో షుగరో ఉన్నవారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌లు, ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్‌లు, డిప్రెషన్‌కు వాడే ఒక తరగతి మందులు, ఇలాంటివాటికి డిడక్టిబుల్‌తో నిమిత్తం లేకుండా ప్లాన్ మొదటి రోజు నుంచే డబ్బు ఇవ్వొచ్చంది. ఇవ్వొచ్చనే అంది, ఇవ్వాలనలేదు. ఇవ్వడమా మానడమా, ఏ మందుకు ఇవ్వడం అనేది కంపెనీ ఇష్టం. మన రెండో ఇంటి మందు ఆ జాబితాలో ఉంటే నెలకు 600 బదులు 120 కడితే చాలు. ఏడాదికి మందు 1,440, అన్నీ కలిపి 3,680. కోపే ప్లాన్ కన్నా మూడు వేలు తక్కువ! జాబితాలో ఆ పేరు ఉందా లేదా అన్నదాని విలువ మూడు వేల డాలర్లు. మా అబ్బాయి ఇన్‌హేలర్ సంగతి కూడా చివరికి అలాగే తేలింది. డాక్టర్ రాసిన కంపెనీది జాబితాలో లేదు, అదే పని చేసే ఇంకో కంపెనీది ఉంది. చీటీ మార్చి రాయమంటే డాక్టర్ రెండు నిమిషాల్లో మార్చారు. ఆ జాబితా నాకు ఫిబ్రవరి చివర్లో దొరికింది, అప్పటికి రెండు ఇన్‌హేలర్లు కొనేశాం.

జాబితాల మాట వచ్చింది కాబట్టి ఫార్ములరీ గురించి కొంచెం. ప్లాన్ ఏ మందును ఏ మెట్టు మీద కూర్చోబెట్టిందో చెప్పే పుస్తకం అది. దాన్ని రాసేది మనకు కార్డు ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కటే అనుకోవద్దు. వెనక పీబీఎం అనే మధ్యవర్తి ఉంటాడు. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్, ఈ ముగ్గురి చేతుల మీదుగానే దేశంలోని మందుల చీటీల్లో దాదాపు 80 శాతం వెళుతున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 నివేదికలో రాసింది. మందు కంపెనీలు ఈ మధ్యవర్తికి వెనక నుంచి రిబేటు ఇస్తాయి. డిడక్టిబుల్ తీరని మనిషి కౌంటర్‌లో కట్టే ధర మాత్రం చాలాసార్లు ఆ రిబేటు తీయకముందు ధరే. బేరం చేసిందొకరు, బిల్లు కట్టేది మనం. హెచ్ఎస్ఏ ప్లాన్ మీద నాకున్న పెద్ద కోపం ఇదే. కోపే ప్లాన్‌లో ఆ ధర ఎంతైనా మనకు 40 డాలర్లే.

ఏ ప్లాన్ అయినా కొన్ని మందులకు ప్రయర్ ఆథరైజేషన్, అంటే ప్లాన్ నుంచి ముందస్తు అనుమతి, తప్పదు. ముందు చౌక మందు వాడి చూసి, పనిచేయకపోతేనే ఖరీదైనది ఇస్తామనే నిబంధనా అంతే. బరువు తగ్గించే ఇంజెక్షన్ల విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. అదే మందుకు షుగరు ఉంటే డబ్బు వస్తుంది, బరువు కోసమైతే చాలా కంపెనీల ప్లాన్‌లు ఇవ్వవు.

మూడో ఇల్లు కీళ్లవాతానికో, పేగు జబ్బుకో స్పెషాలిటీ ఇంజెక్షన్ తీసుకునేవారిది. నెలకు 5,000 అనుకుంటే హెచ్ఎస్ఏ ప్లాన్‌లో మే నెలకల్లా 8,000 పరిమితి ముట్టుతుంది, అన్నీ కలిపి ఏడాదికి 10,240. కోపే ప్లాన్‌లో ప్రీమియం 6,240, మందుకు 3,000, మొత్తం 9,240. ఇక్కడ కోపే ప్లాన్ వెయ్యి డాలర్లు మేలు. పైగా మన వాటా భరించడానికి మందు కంపెనీ ఇచ్చే సాయం కార్డు ఉంటే దాని సంగతి ముందే కనుక్కోవాలి. కొన్ని ప్లాన్‌లు ఆ కార్డుతో కట్టిన డబ్బును మన ఖాతాలో లెక్కవేయవు. కార్డు సొమ్ము మార్చిలో అయిపోయాక, మనం అప్పటిదాకా ఏమీ కట్టనట్టే డిడక్టిబుల్ మొదటికొస్తుంది. హెచ్ఎస్ఏ ప్లాన్‌లోనైతే మనం నిజంగా కట్టిందే లెక్కకు రావాలనేది పన్నుల శాఖ నియమమే.

ఇన్సులిన్ గురించి ఒక అపోహ. 2022 నాటి కేంద్ర చట్టం వల్ల నెలకు 35 డాలర్లకు మించదని విన్నది మెడికేర్ వారికి, అంటే పెద్దవయసు వారికి. ఉద్యోగుల ప్లాన్‌లకు ఆ కేంద్ర నియమం వర్తించదు. అదే చట్టం, హెచ్ఎస్ఏ ప్లాన్‌లు ఇన్సులిన్‌కు డిడక్టిబుల్ లేకుండా ఇచ్చే వీలు మాత్రం స్థిరపరిచింది. 2023లో ప్రధాన కంపెనీలు ఇన్సులిన్ ధరలు బాగా తగ్గిస్తామని ప్రకటించాక కొంత ఊపిరి ఆడింది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఒక గుంత ఉంది. ఒకరు హెచ్ఎస్ఏ ప్లాన్ తీసుకుని, ఇంకొకరు తమ ఆఫీసులో మామూలు ఎఫ్ఎస్ఏలో, అంటే వైద్య ఖర్చులకు పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఇంకో రకం ఖాతాలో, డబ్బు వేశారనుకోండి. ఆ ఎఫ్ఎస్ఏ కుటుంబం మొత్తానికి వర్తిస్తుంది కాబట్టి మొదటివారు హెచ్ఎస్ఏలో రూపాయి వేయడానికి కూడా అర్హులు కారు. ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో ఉన్నవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు తమ ఆదాయపు పన్నులో హెచ్ఎస్ఏ మినహాయింపును ఒప్పుకోవు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు, ఆ బాధా లేదు.

సూట్‌కేసులో మందుల సంగతి కూడా చెప్పాలి. ఊరు వెళ్లినప్పుడు మూడు నెలల బిళ్లలు తెచ్చుకోని తెలుగు ఇల్లు ఇక్కడ తక్కువ. ఆ బిల్లు డిడక్టిబుల్‌లోకి రాదు. హెచ్ఎస్ఏ డబ్బుతోనైనా కట్టవచ్చా అని అడుగుతారు. వేరే దేశంలో డాక్టర్ చీటీతో కొని అక్కడే వాడిన మందుకు, అది రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైతే, కుదురుతుంది. మోసుకొచ్చిన దానికి సాధారణంగా కుదరదు. విజయవాడలో జ్వరమొచ్చి అక్కడే మింగిన యాంటీబయాటిక్‌కు సరే, పెట్టెలో తెచ్చిన ఆరు డబ్బాలకు కాదు. అమ్మానాన్నలను ఇక్కడి ఆఫీసు ప్లాన్‌లో చేర్చడం మామూలుగా వీలుకాదు. వాళ్లు వచ్చినప్పుడు వాడే మందులు మాత్రం ఆ సూట్‌కేసులోవే.

ఉద్యోగం పోతే? వీసా మీద ఉన్నవారి మనసులో ఇది ఎప్పుడూ ఉండేదే. ఉద్యోగం పోయినా ఆఫీసు ఇన్సూరెన్స్ కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం కింద సాధారణంగా 18 నెలల దాకా అదే ప్లాన్‌లో ఉండవచ్చు, ప్రీమియంలో ఇన్నాళ్లూ కంపెనీ భరించిన వాటా కూడా మనమే కట్టాలి. హెచ్ఎస్ఏలో దాచింది మాత్రం మనతోనే వస్తుంది, దాంతో కోబ్రా ప్రీమియం కూడా కట్టుకోవచ్చు. ఈ ఒక్క కారణం నన్ను హెచ్ఎస్ఏ వైపు మొగ్గేలా చేసింది.

ఈ అక్టోబర్‌లో ఆఫీసు పేజీ తెరిచినప్పుడు ముందు ప్రీమియం చూడలేదు. ఇంట్లో వాడే మందుల పేర్లు, మోతాదులతో సహా, ఒక కాగితం మీద రాసుకుని రెండు ప్లాన్‌ల ధర చూపే పెట్టెలో ఒక్కొక్కటే కొట్టాను. మా ఆవిడ థైరాయిడ్ బిళ్ల, నా బీపీ బిళ్ల రెండిట్లోనూ చిల్లర డబ్బులే. ఇన్‌హేలర్ నివారణ జాబితాలోనే ఉంది. హెచ్ఎస్ఏ ప్లాన్ తీసుకున్నాం. పక్క సీటు స్నేహితుడి భార్యకు ఈ ఏడాదే కీళ్ల ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మూడేళ్లుగా నాకు హెచ్ఎస్ఏ గొప్పలు చెప్పిన అతను కోపే ప్లాన్‌కు మారాడు.