రెండుసార్లూ మందు ఒకటే: పునాది కుంగిన పాత ఇంట్లో చెదల మందుతో ఏడేళ్ళు

ఏడేళ్ళలో మా ఇంటికి రెండుసార్లు చెదల మందు కొట్టించాను. మొదటిది 20 నెలలు నిలిచింది. రెండోదానికి ఈ నెలతో ఐదేళ్ళు నిండుతున్నాయి. రెండుసార్లూ వాడిన మందు ఒకటే, ఇమిడాక్లోప్రిడ్. నీళ్ళలో కలిపిన పాళ్ళూ ఒకటే. కంపెనీలు వేరన్న మాట నిజమే గానీ, తేడా కంపెనీలో కన్నా మా పునాదిలోనే ఎక్కువ ఉంది. ఏ మందు మంచిదని నన్ను అడిగేవాళ్ళకు ముందు ఈ సంగతే చెబుతున్నాను.

ఇల్లు తాతయ్య కట్టించినది, 60 ఏళ్ళు దాటింది. సున్నం పెట్టి పేర్చిన రాతి పునాది, దాని మీద ఇటుక గోడలు. కింద బంకమట్టి నేల. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో బిగుసుకుపోయి నెర్రెలిస్తుంది. ఇల్లూ దాంతోపాటే కాస్త లేస్తూ, కాస్త కూర్చుంటూ ఉంటుంది. వెనకాల స్నానాల గది ఉన్న మూల మాత్రం కూర్చోవడమే తప్ప లేవడం మానేసింది. అక్కడ గోడలో ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా ఒక బీట దిగింది. దాని చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఆ తేదీల పక్కనుంచే చెదల మట్టి దారి పైకి పాకుతోందని మాత్రం గమనించలేదు. కనిపెట్టింది అమ్మ. ద్వారబంధాన్ని చేతికర్రతో తట్టి, "ఇది కర్రలా మోగట్లేదురా, డబ్బాలా మోగుతోంది" అంది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. పైన రంగు పొర మాత్రం నిన్న వేసినట్టే ఉంది.

మొదటిసారి వచ్చినవాళ్ళు ఒక పూటలో పని ముగించేశారు. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు, ఒక్కోదాంట్లో లీటరు మందు నీళ్ళు, పైన తెల్ల సిమెంటు. పద్ధతి ప్రకారమే చేశారు. వాసన దాదాపు రాలేదు. పూర్వం క్లోర్‌పైరిఫాస్ కొట్టించినప్పుడు ఇల్లంతా రోజుల తరబడి కిరసనాయిలు కంపు కొట్టేది. అది గుర్తున్న అమ్మకు నమ్మకం కుదరలేదు. "వీళ్ళు పోసింది మందేనా, ఉత్త నీళ్ళా?" అని వారం రోజులు సణిగింది. ఇమిడాక్లోప్రిడ్‌కి వాసన పెద్దగా ఉండదు. కంపు కొట్టకపోతే మందు లేనట్టు కాదు.

ఆ రోజు నేను పట్టించుకోవలసింది వేరే ఉంది. వెనక మూల ఒక కన్నంలో మందు పోస్తుంటే తాగుతూనే ఉంది. లీటరు అయింది, మూడు లీటర్లు అయ్యాయి, చివరికి బకెట్ ఖాళీ అయింది. "బాగా పీలుస్తోంది సార్, మంచిదే" అన్నాడు పని చేస్తున్న కుర్రాడు. నేనూ మంచిదే అనుకున్నాను. సాయంత్రం పెరట్లోకి వెళ్తే మురుగు కాలువ గట్టు తడిగా ఉంది. వాన పడలేదు, కుళాయి తిప్పలేదు. అయినా నాకు తట్టలేదు. పునాది రాళ్ళ మధ్య సున్నం ఎప్పుడో రాలిపోయి, లోపల సొరంగంలా అయింది. మేం పోసిన మందు మట్టిలో ఇంకకుండా ఆ సందుల్లోంచి జారి కాలువలో కలిసిపోయింది.

ఇరవయ్యో నెలలో అదే మూల, అదే బీట పక్కన మళ్ళీ మట్టి దారి కనిపించింది. ఫోన్ చేస్తే గ్యారంటీ కాగితం చూడమన్నారు. రెండో పేజీలో సన్నటి అక్షరాలు: నీటి లీకులు, కట్టడంలో లోపాలు ఉన్న చోట వచ్చే చెదలకు ఈ గ్యారంటీ వర్తించదు. కోపం వచ్చింది, గట్టిగానే మాట్లాడాను. సంతకం పెట్టేముందు చదవని తప్పు నాదే అనుకోండి. కానీ పునాది కుంగుతున్న ఇంటికి ఆ వాక్యమున్న గ్యారంటీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పాత ఇల్లున్నవాళ్ళు మొదటి పేజీలో ఎన్నేళ్ళు అని రాశారో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ వాక్యం ఉందో లేదో వెతకండి.

ఈ మధ్యలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మట్టి దారి కనిపించగానే చీపురుతో దులిపేసి, పురుగుల స్ప్రే కొట్టేవాణ్ణి. రెండు రోజుల్లో పక్కన ఇంకోటి లేచేది. స్ప్రేలో ఉండే మందు చాలా వరకు చెదలను దూరంగా తరిమే రకం. కొట్టిన చోట వదిలి ఇంకో దారి చూసుకుంటాయి, అంతే. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వంటివి అలా కాదు. మట్టిలో మందు ఉందని చెదలకు తెలియదు. అందులోంచి నడిచి, ఒళ్ళంతా పూసుకుని, గూటికి వెళ్ళి ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటూ అందరికీ అంటిస్తాయి. చావడానికి రోజులు పడుతుంది. ఆ ఆలస్యమే మనకు లాభం. బైఫెంత్రిన్ లాంటి తరిమే మందును ఇంటి చుట్టూ వేస్తే, చెదలు ఆ హద్దు వెంట పాకుతూ ఎక్కడ సందుందా అని వెతుకుతాయి. మిల్లీమీటరు లోపు సందు చాలు వాటికి. బీటలున్న పునాదిలో సందుకు కరువా? మా ఇంటిలాంటి వాటికి తరిమే మందు వద్దని నా గట్టి అభిప్రాయం.

రెండోసారి కంపెనీని పిలవకముందే ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచాను. ఆయన ఇల్లంతా తిరిగి, నా పెన్సిల్ గీతలు ఓపిగ్గా చదివి, నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. డాబా మీది వాన నీళ్ళ గొట్టం సరిగ్గా ఆ మూల పునాది మీదే పడుతోంది. దానికి రెండడుగుల దూరంలో స్నానాల గది మురుగు గొట్టం నేల లోపల అతుకు ఊడి కారుతోంది. ఒక పక్క మట్టి ఎప్పుడూ నాని ఉంటుంది, మిగతా ఇంటి కింద కాలాన్నిబట్టి ఎండుతుంది. మూల కుంగిందీ అందుకే, చెదలు అక్కడే కాపురం పెట్టిందీ అందుకే. నేలలోంచి వచ్చే చెదలకు తడి లేకపోతే బతుకు లేదు. ఒళ్ళు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతాయి. మట్టి గొట్టాలు కట్టుకుని నడిచేది కూడా అందుకే.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. మాట్లాడిపెట్టుకున్న రెండో కంపెనీ వాళ్ళు వెంటనే మందు కొట్టేస్తాం, పునాది పని తర్వాత చూసుకోండి అన్నారు. తవ్వితే మందు కలిసిన మట్టి అంతా పారతో బయటికి పోతుంది కదా అన్నాడు ఇంజనీర్. అప్పటికే చెదలు రెండో గది గుమ్మం ఎక్కుతున్నాయి, ఆగాలంటే నాకు టెన్షన్. చివరికి ఇంజనీర్ మాటే విన్నాను. గుమ్మాలకు మాత్రం అప్పటికప్పుడు చిన్న కన్నాలు వేసి చెక్కలోకి మందు ఎక్కించి ఊరుకున్నాం. నాలుగు నెలలు ఆగాం.

ఆ నాలుగు నెలల్లో ముందు గొట్టాలు బాగుచేశారు. తర్వాత వెనక మూల పునాది కింద విడతల వారీగా, ఒక్కోసారి మీటరు పొడవు మాత్రమే తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పోశారు. మొత్తం ఒకేసారి తవ్వితే గోడ మన మీదే కూర్చుంటుంది. రాళ్ళ మధ్య ఖాళీల్లోకి పలచటి సిమెంటు పాలు పంపులతో ఎక్కించారు. మొదటిసారి మందు తాగేసిన కన్నం ఉన్న చోట ఆ పాలు ఎంత పట్టిందో చూస్తే గుండె గుభేలుమంది. తవ్విన గోతిని తిరిగి పూడ్చేటప్పుడే చెదల కంపెనీ వాళ్ళను రప్పించాం. అరడుగు మట్టి వేయడం, మందుతో తడపడం, మళ్ళీ మట్టి. పునాది బయటి ముఖం పొడుగునా ఇలా మందు పట్టిన మట్టి నిలబడింది. ఇది నేల మీద కన్నాలు వేసి చేయగలిగిన పని కాదు. తవ్వకం ఎలాగూ ఉందంటే ఈ అవకాశం వదులుకోవద్దు.

ఇంటి లోపలి పని రెండు రోజులు పట్టింది. ఈసారి వచ్చిన సూపర్‌వైజర్ చేతిలో నోటుపుస్తకం ఉంది. ప్రతి కన్నం ఎన్ని లీటర్లు తీసుకుందో రాసుకున్నాడు. ఎక్కడైనా లెక్కకు మించి తాగుతుంటే ఆపేసి, బయట ఎక్కడ తేలుతోందో చూసి వచ్చేవాడు. అలా రెండు చోట్ల ద్రవం మానేసి నురుగు రూపంలో మందు నింపాడు. నురుగు జారిపోకుండా ఖాళీ అంతా పట్టుకుని ఉంటుంది. చుట్టుపక్కల బావి ఉందా అని మొట్టమొదట అడిగిందీ అతనే. మొదటి కంపెనీ వాళ్ళు ఆ ప్రశ్నే వేయలేదు. మా మందు కాలువలోకి పోయిన సంగతి తలుచుకుంటే, దగ్గర్లో బావి లేకపోవడం మా అదృష్టం.

అంతా సాఫీగా జరిగిందని కాదు. వంటింట్లో డ్రిల్లు గోడలోపలి నీళ్ళ గొట్టానికి తగిలి జలపాతమైంది. పాత ఇంటికి ప్లాను ఎక్కడుంటుంది, గొట్టం ఎటు పోయిందో తాతయ్యకే తెలియాలి. ముందురోజు కుళాయిలన్నీ తిప్పి గోడకు చెవి పెట్టి విన్నా కొంత తెలిసేది. పాత గచ్చు మీద తెల్ల సిమెంటు చుక్కలు వరసగా ఇప్పటికీ కనిపిస్తాయి. రంగు కలిపి పూడ్చమని అడగాలన్న ఆలోచన నాకు పనయ్యాక వచ్చింది.

పక్కింటి గోడ మా గోడకు ఆనుకుని ఉన్న వైపు తవ్వడానికి చోటే లేదు. వాళ్ళు మందు కొట్టించుకోరు, మనం బలవంతపెట్టలేం. అక్కడ ఉన్న సన్నటి సందులో మూడు మీటర్లకొకటి చొప్పున ఎర డబ్బాలు పాతారు. లోపల చెక్కముక్కలు ఉంటాయి. చెదలు వాటిని తినడం మొదలుపెట్టాక ఎర మందు పెడతారు. అది తిన్న చెదలు పెరిగేటప్పుడు కుబుసం విడవలేక చస్తాయి. చాలా నిదానమైన పద్ధతి. మొదటి మూడు నెలలు మూత తీసిన ప్రతిసారీ చెక్క కొత్తగానే ఉంది, డబ్బులు పాతిపెట్టానేమో అనుకున్నాను. నాలుగో నెలలో రెండు డబ్బాల్లో చెదలు కనిపించాయి. ఏడాది తిరిగేసరికి ఆ రెండూ ఖాళీ. గూడు చచ్చిందా, వలస పోయిందా అంటే నేను ప్రమాణం చేయలేను. ఆ గోడ మీద మాత్రం మళ్ళీ మట్టి దారి రాలేదు.

మూడో ఏడు వంటింటి బయట గోడకు జానెడు మట్టి గొట్టం లేచింది. గుండె జారింది. సూపర్‌వైజర్ వచ్చి చూసి, "ఇక్కడ ఈమధ్య ఎవరైనా తవ్వారా సార్?" అన్నాడు. తవ్వారు. ప్లంబర్ కొత్త గొట్టం కోసం గచ్చు పగలగొట్టి, మందు పట్టిన మట్టి తీసి, పెరటి మట్టితో పూడ్చి వెళ్ళాడు. ఆ గజం మేర మళ్ళీ మందు పట్టించారు, అదనంగా ఏమీ అడగలేదు. చెదల మట్టి గొట్టాన్ని మొత్తం చెరిపేయకుండా మధ్యలో కాస్త విరగ్గొట్టి ఉంచమన్నాడు సూపర్‌వైజర్. చెదలు బతికుంటే ఒకటి రెండు రోజుల్లో అతికేసుకుంటాయట. పది రోజులు చూశాను, అతకలేదు.

మా పెదనాన్న వస్తే మాత్రం ఇదంతా విని నవ్వుతాడు. వాళ్ళింట్లో ఒక్కసారి పోయిస్తే 30 ఏళ్ళు చెద రాలేదంటాడు. నిజమే కావచ్చు. ఆ రోజుల్లో పోసినవి ఆల్డ్రిన్, హెప్టాక్లోర్ లాంటివి. వాటి విషం మట్టిలో దశాబ్దాలు పోయేది కాదు, అక్కడినుంచి నీళ్ళలోకీ మన ఒంట్లోకీ చేరేది. 2001 నాటి స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం నిషేధించాలన్న మొదటి జాబితాలోనే ఉన్నాయి రెండూ. ఇప్పటి మందులు కొన్నేళ్ళకు విరిగిపోతాయి. కాబట్టి ఎవరైనా జీవితకాలం గ్యారంటీ అంటే, ఏడాదికోసారి వచ్చి చూసి వెళ్తారా అని అడగండి.

ఈ ఏడు తొలకరి పడ్డ మర్నాడు ముందు గది కిటికీ గట్టు మీద గుప్పెడు ఉసుళ్ళ రెక్కలు. ఉసుళ్ళంటే గూడు వదిలి ఎగిరే చెదలే. రాత్రి కిటికీ తీసే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. సూపర్‌వైజర్ టార్చి వేసి ప్రతి మూలా వెతికాడు, గోడల్లో అవి బయటికొచ్చిన రంధ్రాలు గానీ కొత్త మట్టి గానీ దొరకలేదు. బయటినుంచే వచ్చాయన్నాడు. కిటికీలు మూసిన గదిలో రెక్కలు కనబడితే అప్పుడు ఫోన్ చేయమన్నాడు.

ఐదేళ్ళ ఒప్పందం ముగుస్తోంది కనుక మళ్ళీ ఇల్లంతా కన్నాలు వేసి కొట్టిద్దామని కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఏటా తనిఖీకి, ఎర డబ్బాలకు మాత్రం పొడిగించమన్నాను. ఇల్లంతా అంటే తనిఖీలో ఏదైనా కనబడ్డాక మాట్లాడదామన్నాను. వెనక మూల బీట మీద చివరి పెన్సిల్ గీత నాలుగేళ్ళ కిందటిది. అమ్మ ఇంకా రోజూ గుమ్మాలు తడుతూనే ఉంది.