స్లేట్, బాక్స్, మౌత్ కాల్స్: వసంతకాలపు టర్కీ వేటలో దీర్ఘకాల వాడకం తరువాత

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్న ఓజార్క్ కొండల్లో నేను చాలా ఏళ్లుగా వసంతకాలంలో అడవి టర్కీ కోళ్ల వేటకు వెళుతున్నాను. ఆడ పక్షి కూతను అనుకరించి మగ పక్షిని దగ్గరకు రప్పించే సాధనాలను ఇక్కడివారు కాల్స్ అంటారు. ఆ సీజన్లన్నింటిలోనూ నా దగ్గర ఉన్న మూడు రకాల కాల్స్‌పై ఈ సమీక్ష. తుపాకుల గురించి, తూటాల గురించి రాసేవారు ఎందరో ఉన్నారు. వేటగాడు తన పద్ధతికి తగిన కాల్‌ను ఎంచుకోవాలని కూడా తరచుగా చెబుతుంటారు. నేను గమనించినంతలో జరిగేది దీనికి విరుద్ధం: ఏ కాల్ చేతికి అలవాటైతే మనిషి ఆ కాల్‌కు అనువైన విధంగానే వేటాడడం మొదలుపెడతాడు.

అసలు చిక్కు పక్షి స్వభావంలోనే ఉంది. మగ టర్కీ తెల్లవారుజామున చెట్టు కొమ్మ మీది నుంచే గాబుల్ చేస్తుంది. ఆ అరుపు విని పెట్టలు దాని దగ్గరకు నడిచి వెళతాయి. మనం పెట్టలా కూసి మగ పక్షినే నడిపించాలనుకోవడం ఈ క్రమానికి పూర్తిగా ఎదురు వెళ్లడమే కాబట్టి, అది చాలాసార్లు తుపాకి దూరానికి ఆవలే ఆగిపోయి, పెట్ట కంటపడితే తప్ప ముందుకు రానని భీష్మించుకుంటుంది. దాని వాసన శక్తి అంతంతమాత్రమే గాని చూపు మహా చురుకైనది. తల తిప్పకుండానే చుట్టూ చాలా మేర చూడగలదు. కాబట్టి కాల్ ఎంత చక్కగా కూస్తుందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని వాడడానికి చేయి ఎంత కదలాలన్నదీ అంతే ముఖ్యం.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడింది స్లేట్ కాల్. అరచేతిలో ఇమిడే గుండ్రని చిప్పలో పలుచని పలక రాయి బిగించి ఉంటుంది. దాని మీద స్ట్రైకర్ అనే కర్ర పుల్లను చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పితే యెల్ప్ అనే కూత, ఒక్కసారి లాగి ఆపితే క్లక్, మెల్లగా ఈడిస్తే గురగుర శబ్దంలాంటి పర్ వస్తాయి. బడి పలక మీద బలపంతో దిద్దినవారి చేతికి ఈ ఒత్తిడి త్వరగానే పట్టుబడుతుంది. మెత్తని కూతలకు దీనికి సాటి లేదు. దగ్గరి పొదల్లో మేత ఏరుకుంటున్న పెట్ట చేసే సన్నని సవ్వడి కూడా ఇందులో పలుకుతుంది. ఒకే పలక మీద వేర్వేరు కలపతో చేసిన స్ట్రైకర్లు వేర్వేరు గొంతులు ఇస్తాయి కనుక, రెండు పుల్లలు దగ్గరుంటే రెండు పెట్టలు ఉన్నట్టు భ్రమింపజేయవచ్చు.

దీని లోపాలు కూడా అంతే స్పష్టం. పలక తడిస్తే మూగబోతుంది, వేలి జిడ్డు అంటినా జారుతుంది. అందుకే ఇసుక కాగితం ముక్క ఎప్పుడూ వెంట ఉండాలి, పలక అంచులను మాత్రమే పట్టుకోవాలి. వాన రోజులకు పలక రాయికి బదులు గాజు ఉన్న కాల్, కర్రకు బదులు కార్బన్ లేదా అక్రిలిక్ స్ట్రైకర్ మేలు, కానీ గాజు గొంతు కాస్త పదునుగా ఉంటుంది, ఆ మెత్తదనం రాదు. వీటన్నిటికన్నా పెద్ద లోపం రెండు చేతులూ కావలసి రావడం. పక్షి కనుచూపు మేరలోకి వచ్చిందంటే స్లేట్ పని ముగిసినట్టే.

బాక్స్ కాల్ పాత సాధనం. ఆర్కన్సా రాష్ట్రంలో హెన్రీ గిబ్సన్ 1897లో దీనికి పేటెంటు పొందాడు. చెక్క పెట్టె అంచుల మీద మూత రాసుకుని శబ్దం పుట్టే ఆ ఏర్పాటు పెద్దగా మారకుండానే నేటికీ అమ్ముడవుతోంది. గాలి వీచే రోజుల్లో గట్టు మీద నిలబడి అవతలి లోయలోకి కూత పంపాలంటే దీన్ని మించింది లేదు, కొత్తవారు కూడా అరగంటలో నమ్మదగిన యెల్ప్ చేయగలరు. మూతకు నూనె, మైనం లేని సుద్ద మాత్రమే పూయాలి. నడుస్తున్నప్పుడు సంచిలో దానంతట అది కీచుమనకుండా మూతకూ పెట్టెకూ మధ్య గుడ్డ ముక్క పెట్టి రబ్బరు బ్యాండు బిగించాలి. గట్టిగా కూసే సాధనం చేతిలో ఉంటే ఒకచోట కూర్చోబుద్ధి కాదు: కూయడం, జవాబు లేకపోతే మరో గట్టుకు నడవడం, మళ్లీ కూయడం. ఈ పద్ధతికి విశాలమైన అడవి కావాలి. మార్క్ ట్వెయిన్ జాతీయ అడవి వంటి చోట అది కుదురుతుంది గాని చిన్న పొలం అంచున ఉన్న చెట్లలో పక్షులను బెదరగొట్టడానికే పనికొస్తుంది.

మౌత్ కాల్ విషయంలో నా అభిప్రాయం మిశ్రమంగానే ఉంది. గుర్రపు నాడా ఆకారపు చట్రంలో సాగే రబ్బరు పొరలు బిగించిన ఈ చిన్న వస్తువును అంగిలికి ఆనించి గాలి ఊదాలి. మొదట్లో కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది. కూత సరిగా రావడానికి వారాల సాధన పడుతుంది, ఆ సాధనను భరించవలసింది ఇంట్లోవారే. పొరలు అతుక్కోకుండా మధ్యలో పుల్ల పెట్టి ఫ్రిజ్‌లో దాచినా ఒకటి రెండు సీజన్లకు మించి నిలవవు. అయినా తుపాకి భుజాన ఆనించి, కదలకుండా, ఆఖరి ఇరవై గజాలు పక్షిని రప్పించగలిగేది ఇదొక్కటే.

ఉదయం పూట పరిస్థితి గంట గంటకూ మారుతుంది. కొమ్మ మీది పక్షి జాడ తెలియడానికి చీకట్లో గుడ్లగూబ కూత వేస్తే, అది ఉలిక్కిపడినట్టు గాబుల్ చేసి తన చోటు తెలుపుతుంది. పెట్టలు పక్కన ఉన్నంతసేపు ఏ కాల్‌కూ కదలని మగ పక్షి, అవి గూళ్లకు వెళ్లిపోయాక తొమ్మిది, పది గంటల వేళ ఒంటరిదై వెతకడం మొదలుపెడుతుంది. మిస్సోరీలో ప్రధాన సీజన్ ఏప్రిల్ మూడవ సోమవారం మొదలై మూడు వారాలు సాగుతుంది. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటి గంటకు ఆపాలి కాబట్టి ఆ రెండు మూడు గంటలే విలువైనవి. అప్పుడు స్లేట్ మీద నాలుగు మెత్తని యెల్ప్‌లు, ఒక క్లక్ చేసి దాన్ని కింద పెట్టేసి, చాలాసేపు మౌనంగా ఉండడం నా పద్ధతి. గాబుల్‌కు గాబుల్‌కు మధ్య జవాబిస్తూ పోతే పక్షి ఉన్నచోటే నిలబడి పెట్ట కోసం ఎదురుచూస్తుంది. కూత ఆగిపోతే ఆ పెట్ట ఎక్కడికి పోయిందోనని వెతుక్కుంటూ వస్తుంది.

కాల్ బాగా కూస్తే మరో వేటగాడు కూడా దానికి మోసపోతాడన్నది మరవకూడదు. భుజాలకన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి; మగ టర్కీ తలలో కనిపించే ఎరుపు, తెలుపు, నీలం రంగుల బట్టలు వేసుకోకూడదు; ఎవరైనా సమీపిస్తే చేయి ఊపక గట్టిగా మాట్లాడాలి; గాబుల్ వినిపించిన వైపు పొంచి పోకూడదు.

మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నిషిద్ధం కనుక ఇక్కడికి వచ్చిన తెలుగువారిలో ఈ అలవాటు అరుదు. ఆసక్తి ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి: హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు అందులోని మినహాయింపుల్లో ఒకటి.

మొదటిసారి కొనేవారికి నా సలహా పలక రాయి ఉన్న స్లేట్ కాల్, రెండు స్ట్రైకర్లు. గాలి ఎక్కువగా వీచే బయలు ప్రాంతాల్లో, ముఖ్యంగా కాన్సాస్, ఓక్లహోమా వైపు వేటాడేవారు మాత్రం బాక్స్‌తో మొదలుపెట్టడం మంచిది. మౌత్ కాల్‌ను ఏ జనవరిలోనో కొని, కారు నడుపుతూ సాధన చేయవచ్చు.