‘నామ్యెస్తీ మీరు’లో దిగండి

చెక్ రాజధాని ప్రాగ్‌లో మేము చేసిన తప్పు గది దగ్గరే మొదలైంది. ఓల్డ్ టౌన్ నడిబొడ్డున తీసుకున్నాం. కెమెరా భుజాన వేసుకుని గుమ్మం దాటితే చాలు, 1410 నాటి గడియారం ఎదురుగా ఉంటుంది కదా అని నా లెక్క. ఉంది, కాదనను. కానీ రాత్రి రెండింటి దాకా తాగి పాడుకుంటూ పోయే, పెళ్లికి ముందు పార్టీకని వచ్చిన పెళ్లికొడుకుల బృందాలు, తెల్లారకముందే రాళ్ల మీద గడగడమంటూ వెళ్లే సూట్‌కేసుల చక్రాలు కూడా ఆ అద్దెలో భాగమేనని తెలియలేదు. రెండు రాత్రులు నిద్రలేక మూడో రోజు వినోహ్రాదీ పేటకి మారిపోయాం.

అక్కడ అద్దె సగానికి దగ్గర పడింది. లిఫ్ట్ లేని పాత బిల్డింగ్, నాలుగో అంతస్తు. మెట్లెక్కేటప్పుడు తిట్టుకున్నాం గానీ, ఎత్తైన కప్పు, పెద్ద కిటికీ, హాయిగా నిద్ర. దగ్గర్లోని మెట్రో స్టేషన్ పేరు ‘నామ్యెస్తీ మీరు’. శాంతి కూడలి అని అర్థం. మైకులో ఆ పేరు వినపడ్డప్పుడల్లా మా ఆయన చేతులు జోడించి “నమస్తే, మీరూ?” అనేవారు. స్టేషన్ భూమికి 53 మీటర్ల లోతున ఉంటుంది, ఎస్కలేటరు పొడవు 87 మీటర్లు. మొదటిసారి ఎక్కినప్పుడు సగం దూరంలో నాకు కళ్లు తిరిగాయి.

అసలు లాభం మాత్రం మెట్రో కాదు, ఆ కూడలిలో ఆగే 22 నంబరు ట్రామ్. వల్తావా నది దాటి, అవతలి ఒడ్డున ఉన్న పాత పేట మాలా స్ట్రానా మీదుగా కోట కొండ ఎక్కుతుంది. చూడాల్సినవి సగం ఆ దారిలోనే ఉన్నాయి. మేము మూడు రోజుల పాస్ తీసుకున్నాం. మొదటిసారి ఎక్కేటప్పుడు ఒక్కసారే మెషిన్‌లో ముద్ర కొట్టుకోవాలి. ఆ ముద్ర లేకపోతే చేతిలో పాస్ ఉన్నా జరిమానా తప్పదు.

ఫోటోల కోసం వెళ్లేవాళ్లకి అక్టోబరు మంచి నెల. జూన్‌లో సూర్యుడు ఐదు లోపే వచ్చేస్తాడు, అక్టోబరు మధ్యలో ఏడు దాటాకే. ఆరింటికి ట్రామ్ ఎక్కి మాలా స్ట్రానాలో దిగి చార్లెస్ బ్రిడ్జి మీదకి నడిచాం. నాలుగో చార్లెస్ రాజు కాలంలో, 1357లో పునాది వేసిన వంతెన ఇది. అర కిలోమీటరు పైచిలుకు పొడవు, అటూ ఇటూ కలిపి 30 విగ్రహాలు. ఆ వేళకే పెళ్లిబట్టల్లో రెండు జంటలు ఫోటోగ్రాఫర్లతో దిగిపోయారు. మన ప్రీవెడ్డింగ్ జబ్బు ఇక్కడికీ పాకిందన్నమాట!

సూర్యుడు ఓల్డ్ టౌన్ వెనక నుంచి వస్తాడు. అందుకని మాలా స్ట్రానా వైపు నిలబడితే విగ్రహాలు నల్లటి నీడల్లా, వాటి వెనక వల్తావా మీది మంచు పొగలా దొరుకుతాయి. ఒక అరగంట ఆగి వెనక్కి తిరిగితే కోట మీద ఎండ పడుతుంది. చాలామంది ముందే కోట వైపు తిరిగి, ఏమీ లేదనుకుని వెళ్లిపోతున్నారు.

వంతెన మీద నన్ను ఎక్కువసేపు ఆపింది యాన్ నెపోముక్ అనే క్రైస్తవ మతగురువు విగ్రహం. 1393లో రాజు ఈయన్ని నదిలో తోయించాడు. విగ్రహం 1683 నాటిది, వంతెన మీదున్న వాటిలో అన్నిటికంటే పాతది. దాని కింది కంచు పలకలు నల్లగా మాసి ఉంటాయి, రెండు చోట్ల మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి: ఒకచోట నీళ్లలోకి పడుతున్న ఆయన, ఇంకోచోట ఒక కుక్క. తాకితే మంచిదని వచ్చినవాళ్లంతా రాసీ రాసీ తెచ్చిన మెరుపు అది. మన గుళ్లల్లో నందిని తాకీ తాకీ నున్నగా చేసినట్టే. నేను విగ్రహాన్ని వదిలేసి, పలక మీదకి వచ్చే చేతుల్నే తీశాను: గ్లౌజులు తీసిన చేతులు, ఉంగరాల చేతులు, అందక నాన్న ఎత్తి పట్టుకున్న పిల్ల చేయి.

గడియారం గురించి నిజం చెప్పాలంటే, గంట కొట్టినప్పుడు జరిగే తతంగం చాలా చిన్నది. అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన కిటికీల్లో అపోస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు తిరుగుతాయి, కోడి కూస్తుంది, అయిపోయింది. వెనక్కి తిరిగి, నోళ్లు తెరుచుకుని పైకి చూసే జనాన్ని తీయండి. ఆ గడియారం ఉన్న టవర్ పైకి మాత్రం డబ్బు పెట్టొచ్చు, లిఫ్ట్ ఉంది.

కోటలో సెయింట్ వైటస్ చర్చికి టికెట్ దండగ కాదు. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. ఎండ ఉన్న రోజున దక్షిణపు కిటికీల రంగులు ఎదుటి రాతి స్తంభాల మీద పడతాయి. కోటలోనే ఉన్న గోల్డెన్ లేన్ అనే చిన్న సందు నాకు నచ్చలేదు. రచయిత కాఫ్కా కూర్చుని రాసుకున్న 22వ నంబరు ఇల్లు అక్కడే ఉందని వెళ్లాను గానీ, తోపులాటే మిగిలింది.

ఊయెజ్ద్ వీధిలో ఒక పెరట్లో ఫోటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ చెక్క స్టూడియో ఉంది, పాతదాని నమూనాలో మళ్లీ కట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోయాక, ఆయన బరువైన కెమెరాలు మోసుకుంటూ ఈ ఊరంతా ఫోటోలు తీశాడు. ఒక్క లెన్స్ తగిలించుకుని భుజం నొప్పి అని మా ఆయన చేతికి బ్యాగ్ ఇచ్చిన నేను, అక్కడ మారు మాట్లాడకుండా తిరిగి తీసుకున్నాను.

డబ్బు దగ్గర జాగ్రత్త. అక్కడ యూరో కాదు, కొరునా. ఏటీఎం “మీ కరెన్సీలో లెక్కకట్టమంటారా?” అని మర్యాదగా అడుగుతుంది, వద్దనండి. కమిషన్ సున్నా అని పెద్ద అక్షరాలతో రాసిన కొట్లలో రేటు ఎంతో ముందు చూసుకోండి. స్క్వేర్ పక్కన ఒక హోటల్లో మేము అడగకుండానే బ్రెడ్డు బుట్ట తెచ్చి పెట్టారు. బిల్లులో తేలింది. శాకాహారులకి వేయించిన చీజ్ ముక్క, బంగాళాదుంపలు అంతటా దొరుకుతాయి. మూడో పూటకి మా ఆయన “పెరుగన్నం ఎప్పుడు?” అన్నారు.

ఆఖరి సాయంత్రం 22 ఎక్కి పొహోర్జెలెట్స్‌లో దిగి నోవీ స్వ్యెత్ సందులోకి నడిచాం. కొండ మీద ఉన్నా జనం ఉండరు. పొట్టి పొట్టి ఇళ్లు, చిన్న తలుపులు. సన్నగా జల్లు మొదలైంది. కెమెరాని మోకాలి ఎత్తుకి దించితే తడిసిన రాళ్లలో వీధి దీపం మొత్తం కనబడింది. పదిహేను నిమిషాల్లో ఒక్క మనిషి వచ్చాడు, కుక్కతో. మా ఆయన గొడుగు నా మీద కాదు, కెమెరా మీద పట్టారు.