పాత పికప్ వెనక డ్రమ్ బ్రేకులు: చాలా ఏళ్ల వాడకం తర్వాత

ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉన్న పాత పికప్‌ను ఏళ్ల తరబడి నడుపుతున్నాను, అదీ ఎక్కువగా లోడుతోనే. ఈ వెనక బ్రేకులు మొండివి, మంచివి. కాకపోతే పట్టించుకోకపోతే చెప్పాపెట్టకుండా పని మానేస్తాయి. ఖాళీ బండిలో ముందు డిస్కులే పని కానిచ్చేస్తాయి కాబట్టి తేడా తెలియదు. బరువు వేసుకుని వాలులో దిగేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఎక్కువసార్లు ఎదురైన సమస్య పెడల్ బాగా కిందికి పోవడం. వెంటనే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను లైన్లోకి తోసే భాగం) మార్చేద్దాం అనే మెకానిక్కులే ఎక్కువ. తొందరపడకండి. బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ కొద్దిగా లాగి ఉంచి పెడల్ నొక్కండి. ఇప్పుడు పైనే పట్టిందంటే షూకీ (చక్రంతో తిరిగే డ్రమ్‌ను లోపలి నుంచి ఒత్తే వంపు ముక్క) డ్రమ్‌కీ మధ్య సందు పెరిగిందన్నమాట, అడ్జస్ట్ చేస్తే చాలు. పెడల్ మెత్తగా, పంపు కొట్టినకొద్దీ గట్టిపడుతుంటే లైన్లో గాలి ఉంది. కాలు నొక్కి ఉంచినా మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే అప్పుడు మాస్టర్ సిలిండర్ సంగతి చూడొచ్చు.

సందు పెరగడానికి కారణం చాలావరకు అడ్జస్టరే, అంటే షూ అరిగినకొద్దీ ఆ సందును సర్దాల్సిన ముక్క. నా లెక్కలో ఈ బ్రేకుల్లో బలహీనమైన ముక్క అదే. పేరుకు ఆటోమేటిక్. కొన్ని బండ్లలో రివర్స్‌లో బ్రేక్ వేసినప్పుడు, కొన్నింట్లో హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు దాని పళ్ల చక్రం తిరగాలి. రెండో రకం బండిని ఎప్పుడూ గేర్లోనే వదిలేసి, హ్యాండ్ బ్రేక్ ముట్టుకోకపోతే అది ఇంకెప్పుడు సర్దుకుంటుంది? మరలు తుప్పు పట్టినా అంతే. షూలు మార్చేటప్పుడల్లా అడ్జస్టర్ విప్పి, తుడిచి, వేడికి తట్టుకునే గ్రీజు కొంచెం రాస్తాను. ఎడమది కుడివైపు వేయకూడదు. మరలు ఎదురు దిశలో ఉంటాయి, తారుమారైతే సందు తగ్గాల్సింది పెరుగుతుంది.

డ్రమ్ లోపల తడి కనిపిస్తే అది ఏ ఆయిలో ముందు తేల్చుకోవాలి. షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు కింద పల్చగా ఉంటే బ్రేక్ ఆయిల్. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసనతో ఉంటే ఆక్సిల్ సీల్ దాటి వచ్చిన గేర్ ఆయిల్. సీల్ మార్చినా మళ్లీ కారుతుంటే ఆక్సిల్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) మూసుకుపోయిందేమో చూడండి. లోపలి ఒత్తిడికి దారి లేక సీల్‌ను తోసుకుని ఆయిల్ బయటికి వస్తుంది. ఆయిల్ పీల్చిన షూలను కడిగి మళ్లీ వేయడం వృథా. రెండు పక్కలా కొత్తవే వేయండి, స్ప్రింగులతో సహా.

చాలామంది మరిచిపోయేది లోడు వాల్వ్. చాలా పికప్పుల్లో చాసిస్ మీద ఉండి, ఒక కడ్డీతో ఆక్సిల్‌కు కలిసి ఉంటుంది. బరువు పడి బండి కుంగితే వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. ఆ కడ్డీ తుప్పుతో ఖాళీ బండి స్థానంలో బిగుసుకుపోతే, మీరు ఎన్ని షూలు మార్చినా లోడు మీద వెనక చక్రాలు పట్టవు. అదనపు కమాన్ పట్టీలు వేసి బండి ఎత్తు పెంచినా ఇదే తంతు, వాల్వ్ దృష్టిలో బండి ఎప్పుడూ ఖాళీయే. లోడు స్థానంలో ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం: ఖాళీగా వెళ్తూ తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే వెనక చక్రాలు లాకై తోక తిరుగుతుంది.

ఒక్క చక్రమే వేడెక్కుతుంటే బ్లీడర్ నిపుల్ (లైన్లో గాలి తీయడానికి వీల్ సిలిండర్ మీద ఉండే చిన్న మర) కొద్దిగా వదలండి. చక్రం ఫ్రీ అయితే లైన్లో ఒత్తిడి ఇరుక్కుంది, కాకపోతే హ్యాండ్ బ్రేక్ కేబులో షూలో జామ్ అయింది. రెండు వెనక చక్రాలూ పట్టేస్తుంటే ఆక్సిల్‌కు వెళ్లే రబ్బరు హోస్ లోపల ఉబ్బిందేమో చూడాలి. పైకి కొత్తదానిలా కనిపిస్తూనే మోసం చేస్తుంది.

డిస్కులకు మార్పించుకోమని సలహాలు వస్తూనే ఉంటాయి. నాకైతే అవసరం అనిపించలేదు, హ్యాండ్ బ్రేక్ పట్టు డ్రమ్‌లోనే బాగుంటుంది. విసుగు తెప్పించేది డ్రమ్ ఊడదీయడమే. సుత్తితో బాదే ముందు దాని ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలున్నాయేమో చూడండి. వాటిలో బోల్టులు సమానంగా బిగిస్తే డ్రమ్ తనే బయటికి వస్తుంది. లోపలి దుమ్ము ఎయిర్‌తో ఊదొద్దు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. క్లీనర్‌తో తడిపి తుడవండి. డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం అచ్చువేసి ఉంటుంది, అది దాటిందంటే లేత్‌కు పంపకుండా కొత్తది కొనండి.